ముందు ఎదుటివాళ్ల మాట

నా పేరు చీటీలో వచ్చిందని తెలిసిన రోజున మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "లాటరీ టికెట్టు కొన్న ప్రతిసారీ మొండిచెయ్యే. ఇలాంటివి మాత్రం ఇల్లు వెతుక్కుంటూ వస్తాయి నీకు" అన్నాడు.

నవ్వడంలో తప్పు లేదు. నేను బస్సు కండక్టర్ని. పొద్దస్తమానం "ముందుకు జరగండి, లోపల బోలెడంత ఖాళీ ఉంది" అని అరవడం నా ఉద్యోగం. నా గొంతుకు బస్సు హారన్ కూడా సిగ్గుపడుతుందని మా డ్రైవరు అంటూ ఉంటాడు. కోపం నా ముక్కు మీదే కాపురం ఉంటుంది. అలాంటి దాన్ని తీసుకెళ్లి, ఊరి తగువు ఒకటి ఓపిగ్గా విని తేల్చమంటే, ఆ చీటీలు తీసినవాళ్లకు బుర్ర ఉందా అని నాకే అనిపించింది.

ఆ తగువు షెడ్ల వీధిది. మా బస్సు తిరిగే వీధే. ఒకవైపు లారీ మెకానిక్ షెడ్లు, వాటి మధ్యలోంచి ఆసుపత్రి దాకా సాగే పొడుగాటి పాత గోడ, రెండోవైపు ఇళ్లు. ప్రతి ఎన్నికల్లోనూ ఓట్లడగడానికి వచ్చినవాడు షెడ్ల ముందు నిలబడి "మిమ్మల్ని ఎవడు కదిలిస్తాడో నేనూ చూస్తాను" అనేవాడు. నాలుగడుగులు వేసి ఇళ్ల ముందుకు వెళ్లి "గెలిచిన మర్నాడే ఈ లారీలు ఖాళీ చేయిస్తాను" అనేవాడు. గెలిచాక ఏమీ చేసేవాడు కాదు. ఏమీ చేయకపోతే షెడ్ల వాళ్లకిచ్చిన మాట దానంతటదే నిలబడేది. ఇళ్లవాళ్లు మళ్లీ ఎన్నికలదాకా తిట్టుకుంటూ కూర్చునేవాళ్లు.

చివరికి మునిసిపాలిటీ వాళ్లకే విసుగొచ్చింది. ఓటర్ల జాబితాలోంచి చీటీలు తీసి, వచ్చినవాళ్లను ఒకచోట కూర్చోబెడతామన్నారు. వాళ్లు అందరినీ పిలిచి వినాలి, వాళ్లే తేల్చాలి. ఏది తేలిస్తే అది చేసి తీరతామని కౌన్సిల్లో ఉన్నవాళ్లంతా జనం ముందు సంతకాలు పెట్టారు. ఊళ్లో దానికి చీటీల సభ అని పేరు పడింది. "చీటీలు కట్టించుకుని బోర్డు తిప్పేసినవాళ్లను చూశాం, ఇదెప్పుడు తిప్పేస్తారో" అని నా బస్సులోనే జోకులు. నేను టికెట్టు చేతిలో పెట్టి, "నీ స్టాపొచ్చింది, దిగు" అనేదాన్ని.

నాకు నవ్వు రాకపోవడానికి కారణం వేరే ఉంది. షెడ్ల వీధి మొదట్లో ఉన్న షెడ్డు మా అన్నయ్యది.

ఊళ్లో అందరికీ ఆయన మేస్త్రీ. కింద షెడ్డు, పైన ఇల్లు. నేను పెరిగింది ఆ ఇంట్లోనే. అమ్మానాన్నలు పోయేసరికి నాకు ఇంకా నా జడ నేను వేసుకోవడం కూడా రాదు. అన్నయ్యకు కొత్తగా పెళ్లైంది. వదిన కాపురానికి వస్తూనే నన్ను కూడా నెత్తికెత్తుకుంది. నా తలలో చిక్కులు తీస్తూ తిట్టిన తిట్లు, తిడుతూనే పెట్టిన ముద్దలు ఇప్పటికీ నాకు గుర్తే. మధ్యాహ్నం వంటవగానే వదిన పైనుంచి గరిటెతో గిన్నె మీద టంగుమని కొట్టేది. కింద అన్నయ్య పానా పక్కన పడేసి మెట్లెక్కేవాడు. ఇన్నేళ్లలో ఆ పద్ధతి మారలేదు.

ఆ షెడ్డులో లారీ ముక్కు మాత్రమే పడుతుంది. తక్కినదంతా వీధిలోనే. పని పెరిగాక, కొన్నేళ్లుగా వెనకాల ఇంకో రెండు మూడు లారీలు గోడకు ఆనుకుని వరసలో నిలబడుతున్నాయి. వీధిలో లారీలు నిలపకూడదంటే షెడ్డుకు తాళం వేసుకోమన్నట్టే. సభ తేల్చాల్సింది సరిగ్గా అదే: నిలపొచ్చా, కూడదా.

నా పేరు వచ్చిందని తెలియగానే వదిన మొహం చేటంత అయింది. "ఇంక మనకేం బెంగ? మన పిల్ల లోపలే ఉంది" అంది. ఆ పూట నా కంచంలోకి ప్రతిదీ రెండుసార్లు వచ్చింది. అన్నయ్య "దాన్ని తిననివ్వవే" అన్నాడు. అంతే తప్ప ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ సభ ఊసు నా దగ్గర ఎత్తలేదు. ఎత్తి ఉంటే నా ప్రాణానికి తేలికగా ఉండేది, పోట్లాడి ఉండేదాన్ని.

సభ జరిగింది పాత లైబ్రరీ చదువుల గదిలో. పొడుగు బల్లలు నాలుగూ కలిపి వేశారు. చుట్టూ మేం. గోడ పక్కన బెంచీల మీద ఎవరైనా వచ్చి కూర్చుని వినొచ్చు. ఫ్యాను తిరుగుతూ కీచుమంటుంటే ఎవరూ లేచి ఆపేవాళ్లు కాదు, ఆపితే ఉక్క. మాలో ఒక క్షౌరశాల ఆయన, ఒక కాలేజీ లెక్చరరు, చంటిపిల్లను ఒళ్లో వేసుకుని వచ్చే ఒక కొత్త తల్లి, ఎప్పుడూ ఫోను చెవికి అతికించుకుని ఉండే ఒక కాంట్రాక్టరు, ఇంకా బోలెడు మంది. సభ నడిపే పని కూడా చీటీలోనే ఒకావిడకు తగిలింది. ఆవిడ రిటైరైన నర్సు. అందరం నర్సమ్మ అనే పిలిచాం.

మొదటి రోజునే లేచి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను. "షెడ్డు మేస్త్రీ నా తోడబుట్టినవాడు. పొమ్మంటే ఇప్పుడే పోతాను" అన్నాను. క్షౌరశాల ఆయన, "నా దగ్గర గడ్డాలు గీయించుకునేవాళ్లంతా ఆ వీధివాళ్లే. అయితే నేనూ పోవాలి" అన్నాడు. లెక్చరరు అత్తగారిల్లు అదే వీధిలో ఉందట. అందరం నవ్వాం. ఒక ఊళ్లో ఎవరికీ ఎవరూ కాకుండా ఉండాలంటే వేరే ఊరినుంచి మనుషుల్ని తెచ్చుకోవాలి. బాగా మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. మిగతావాళ్లు చీటీ రాసి పెట్టెలో వేయొచ్చు. ఆ వీధిలో అయినవాళ్లున్నవాళ్లు మాత్రం చివరి రోజున అందరి ముందూ లేచి చెయ్యెత్తి చెప్పాలి. చాటుమాటు ఓటు లేదు. అది న్యాయంగానే తోచింది నాకు. ఆ చెయ్యి ఎంత బరువుంటుందో అప్పుడు తెలియలేదు.

మొదట్లో అది సభలా లేదు, రద్దీ వేళ నా బస్సులా ఉంది. ఒకరి నోట్లో మాట ఉండగానే ఇంకొకరు. నేను అరిస్తే చంటిపిల్ల ఉలిక్కిపడి ఏడుపందుకునేది. కాంట్రాక్టరు, లెక్చరరు ఒకే మాట అంటూ ఒకరినొకరు తిట్టుకోవడం నా కళ్లతో చూశాను. నర్సమ్మ అంతా విని, బల్ల మీద చేత్తో మెల్లగా తట్టింది.

"వార్డులో మాకొక అలవాటుండేది" అంది. "రోగి తన బాధ చెప్పాక, దాన్ని మళ్లీ రోగికే చెప్పి, 'అంతేనా అమ్మా?' అని అడిగేదాన్ని. 'అంతే' అన్నాకే డాక్టరు దగ్గరికి వెళ్లేదాన్ని. ఇక్కడా అదే పెట్టుకుందాం. మీ మాట చెప్పే ముందు, ఎదుటివాళ్ల మాట మీ నోటితో చెప్పండి. వాళ్లు 'అంతే' అంటేనే మీ వంతు."

వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంది. ఆడి చూస్తే తల ప్రాణం తోకకొచ్చింది. ఎదుటివాడు చెప్పింది నాకు తెలుసనే అనుకుంటాను. తీరా నోరు తెరిస్తే, వాడు చెప్పింది కాదు, నేను కొట్టిపారేయడానికి వీలుగా ఉన్నది బయటికొస్తుంది. "కాదు" అంటాడు వాడు. మళ్లీ మొదలు. కానీ నెమ్మది నెమ్మదిగా గది మారింది. కాంట్రాక్టరు ఫోను జేబులోకి పోయింది. కొత్త తల్లి అంతకుముందు నోరు మెదిపేదే కాదు. ఆవిడ మాటను లెక్చరరు తిప్పి చెప్పి "అంతేనా అమ్మా?" అని అడిగిన రోజున ఆవిడ ఎంత నిటారుగా కూర్చుందో. నేను ఆ మనుషుల్ని ఎన్నోసార్లు నా బస్సులో ఎక్కించుకున్నాను, దించాను. వాళ్లలో ఇంత ఉందని ఏ రోజూ అనుకోలేదు. నిజం చెప్తున్నాను, ఆ గది అంటే నాకు గర్వం పుట్టింది.

వీధివాళ్లను వినే రోజు వచ్చింది. ఇళ్లవాళ్ల తరఫున మాట్లాడటానికి ఆపరేటరు గారు వచ్చారు. ఆసుపత్రిలో టెలిఫోను ఆపరేటరు. ఆయనకు చూపు లేదు. ఆయన ఇల్లు మా అన్నయ్య షెడ్డుకు కాస్త ఇవతల, ఎదుటి వరసలో కాకుండా గోడ వైపే; ఆసుపత్రికి వెళ్లాలంటే షెడ్లన్నీ దాటాలి. షెడ్లవాళ్ల తరఫున మా అన్నయ్య. చేతులు ఎంత కడుక్కున్నా గోళ్ల సందుల్లో గ్రీజు అలాగే ఉంది. ఇస్త్రీ చొక్కా వేసి పంపింది వదిన. తను బెంచీ మీద ముందు వరసలో కూర్చుంది.

పద్ధతి ప్రకారం ముందు ఆపరేటరు గారు చెప్పారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరందరి మాటలూ కలిపే మనిషి, తన మాట దగ్గరికొచ్చేసరికి నీళ్లు నమిలారు. "లారీల వల్ల ఇబ్బందిగా ఉందండి. తీయిస్తే బాగుంటుంది" అని కూర్చున్నారు. అంతకు మించి రాలేదు.

బెంచీ మీద వదిన తేలిగ్గా ఊపిరి వదిలింది. నేనూ వదిలాననే చెప్పాలి. ఆ ఒక్క ముక్కతో ఏ లారీ కదులుతుంది?

"మేస్త్రీ గారూ, ముందు ఆయన మాట" అంది నర్సమ్మ.

అన్నయ్య లేచాడు. "లారీలు దారికడ్డంగా ఉన్నాయి. ఎక్కడ తగులుతాయో అని ఆయనకు భయం. అంతేనా అండీ?"

"కాదండీ" అన్నారు ఆపరేటరు గారు.

"ఇనుప ముక్కలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. గుచ్చుకుంటాయని."

"అదీ కాదండీ."

"చప్పుడు?"

"చప్పుడు నాకు అలవాటేనండీ."

మొహమాటానికి "అంతే" అనేసి ఉండొచ్చు ఆయన. చాలామంది అనేస్తారు. అనలేదు. అలాగని ఏమిటో చెప్పడమూ రావడం లేదు. కర్ర రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. వదిన అన్నయ్యకు కళ్లతో సైగలు చేస్తోంది, ఇక చాల్లే అని.

ఇక్కడ మా అన్నయ్య పని తీరు చెప్పాలి. ఏ లారీ వచ్చినా ఆయన వెంటనే పానా పట్టుకోడు. ముందు డ్రైవర్ని స్టూలు మీద కూర్చోబెడతాడు. ఎదురుగా తను కూర్చుంటాడు. "చప్పుడు ఎప్పుడొస్తుంది? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? వచ్చాక నువ్వేం చేస్తావు?" అని అడుగుతూ పోతాడు. తొందరలో ఉన్న డ్రైవర్లు తిట్టుకుంటారు. చిన్నప్పుడు నాకూ ఒళ్లు మండేది, ఆ కబుర్లు తేలేదాకా ఆయన అన్నానికి వచ్చేవాడు కాదు మరి.

ఆ రోజు సభలో అన్నయ్య తన కుర్చీని బరబరా లాక్కుంటూ వెళ్లి ఆపరేటరు గారి ఎదురుగా వేసుకున్నాడు. నర్సమ్మ వైపు చూశాడు. ఆవిడ కానివ్వమన్నట్టు తలూపింది.

"పొద్దున ఇంట్లోంచి దిగారు. అప్పుడెలా ఉంటుందండీ?"

"బాగుంటుందండీ. మెట్లు దిగగానే గోడ. ఎడమ చెయ్యి గోడ మీద వేస్తాను. కుడి చేతిలో కర్ర."

"ఎందాకా ఉంటుంది గోడ?"

"మధ్యలో మీ షెడ్ల గుమ్మాలు. అవి దాటితే మళ్లీ ఆసుపత్రి గేటు దాకా గోడే. గుమ్మాలెక్కడొస్తాయో నాకు తెలుసు."

"నడక ఎక్కడ ఆగుతుంది?"

"మీ లారీల దగ్గర. గోడకు ఆనించి పెడతారు కదండీ."

"ఆగి ఏం చేస్తారు?"

"నిలబడతాను."

"నిలబడితే?"

"ఎవరో ఒకరు వస్తారు. ఎక్కువగా మీ షెడ్డు వాళ్లే. చెయ్యి పట్టుకుని చివరిదాకా దాటిస్తారు. మంచివాళ్లండీ."

"ఎప్పుడైనా విసుక్కున్నారా?"

"ఒక్కనాడూ లేదు."

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కావడం లేదు. కాంట్రాక్టరు మొహం చిట్లించాడు. అన్నయ్య మాత్రం మెడ కాస్త పక్కకు వంచాడు. ఇంజను చప్పుడు వినేటప్పుడు అలాగే వంచుతాడు.

"వాళ్లు చెయ్యి పట్టుకున్నప్పుడు మీకెలా ఉంటుందండీ?" అన్నాడు.

ఆపరేటరు గారు "ఇదివరకు ఎవరూ పట్టుకునేవారు కాదండీ" అన్నారు.

అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడం నాకు తెలుసు. లోపం దొరికినప్పుడు వాలుతాడు. ఆయన దాన్ని మింగేయొచ్చు. ఏదో ఒకటి చెప్పి మళ్లీ "కాదు" అనిపించుకోవచ్చు. కానీ ఆయన చెప్పేశాడు.

"ఆపరేటరు గారూ, నేను చెప్తాను, తప్పైతే ఆపండి. ఆ గోడ పట్టుకుని మీరు ఇదివరకు ఒక్కరే వెళ్లారు, ఒక్కరే వచ్చారు. ఎప్పుడు బయల్దేరాలో, ఎంత గబగబా నడవాలో మీ ఇష్టం. మేం లారీలు ఆనించి ఆ గోడ లాగేసుకున్నాం. బదులుగా మా చెయ్యి ఇచ్చాం. ఇచ్చి, ఆయనకు సాయం చేస్తున్నాం కదా అని సంతోషపడిపోతున్నాం. మీకు కావాల్సింది మా చెయ్యి కాదండీ. మీ గోడ. అంతేనా?"

"అంతే" అన్నారు ఆపరేటరు గారు. "అంతేనండీ. నాకు ఇలా చెప్పడం రాలేదు."

నేను ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఎన్నికలప్పుడు మైకు పెట్టిన జీపుల వెనకాలే కదా మా బస్సు పాకుతూ వెళ్లేది. తన ఓటమిని తన చేత్తోనే అంత శ్రద్ధగా బిగించి ఇచ్చిన మాట మాత్రం ఎప్పుడూ వినలేదు. మా అన్నయ్య అని చెప్పడం కాదు, ఆ క్షణంలో ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

తర్వాత తన వంతు వస్తే అన్నయ్య ఏదో చెప్పాడు, ఎప్పటినుంచో ఉన్న షెడ్డనీ, దారినపోయే లారీలకు దగ్గరనీ. చప్పగా ఉంది. ఈసారి దాన్ని తిప్పి చెప్పాల్సింది ఆపరేటరు గారు. ఆయన కర్ర పక్కన పెట్టారు.

"మేస్త్రీ గారు చెప్పింది లారీల గురించి. కానీ నాకు తోచింది చెప్తాను, తప్పైతే ఆపండి" అన్నారు. "మధ్యాహ్నం నేను ఇంట్లో ఉన్న రోజుల్లో మీ ఇంటి పైనుంచి టంగుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. మీ ఆవిడ గరిటెతో గిన్నె మీద కొడతారు. వెంటనే కింద పానా పడేసిన చప్పుడు. ఆ గరిటె వినిపించేంత దగ్గర్లో పని చేసుకోవాలని మీకుంది. అంతేనా అండీ?"

అన్నయ్య తల దించుకున్నాడు. "అంతే" అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత మేం చాలాసార్లు కూర్చున్నాం. రెండు మాటలూ నిజమే. దేన్నీ కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే రెంటికీ మేమే "అంతే" విన్నాం. వట్టినే లారీలు తీసేయమంటే షెడ్లవాళ్ల నోట్లో మట్టి కొట్టినట్టు. ఉండనివ్వమంటే గోడ మాట విననట్టు. అప్పుడు నేనే నోరు తెరిచాను. మా పాత బస్సు డిపో ఊరి చివర ఖాళీగా పడి ఉంది, లారీలు తిరగడానికి కావాల్సినంత చోటు, బండి కిందికి దిగి పని చేసుకునే గుంటలు కూడా ఉన్నాయి, షెడ్లన్నీ అక్కడికి మార్చొచ్చు అన్నాను. చెప్తున్నప్పుడే తెలుసు నాకు, అక్కడికి గరిటె వినపడదని. కాంట్రాక్టరు పైకప్పు, కరెంటు ముందు మునిసిపాలిటీ వేయించి ఇచ్చాకే కదలమనాలని పట్టుబట్టాడు. కొత్త తల్లి, అందాకా ఒక్కో షెడ్డు ముందు ఒక్క లారీయే, అది కూడా గోడకు మనిషి నడిచేంత ఎడంగా అని చేర్చింది.

చివరి రోజున గదంతా జనం. అన్నయ్య, వదిన బెంచీ మీద ముందు వరసలో ఉన్నారు. మునిసిపాలిటీ వాళ్లు కూడా వచ్చి ఓ మూల నిలబడ్డారు, ఆ రోజు వాళ్లకు కుర్చీలు లేవు. ఆ దృశ్యం ఒక్కటి చాలు, నాకు కడుపు నిండిపోయింది. చీటీలు పెట్టెలో పడ్డాయి. తర్వాత నర్సమ్మ అయినవాళ్లున్నవాళ్లను లేవమంది. డిపోకు మార్చడానికి ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తమంది.

నేను చెయ్యెత్తాను. నా ముందున్న బల్ల మీద ఎవరో ఎప్పుడో ఒలకబోసిన సిరా మరక ఉంది. లెక్కపెట్టి నర్సమ్మ "దించండి" అనేదాకా దాన్నే చూస్తూ నిలబడ్డాను.

డిపో మాటే గెలిచింది, బాగానే గెలిచింది. మునిసిపాలిటీ వాళ్లు అక్కడికక్కడే ఒప్పుకుని సంతకం పెట్టారు. నాకు డ్యూటీ ఉందని చెప్పి గబగబా బయటపడ్డాను. డ్యూటీకి ఇంకా టైముంది.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి నేరుగా షెడ్డుకు వెళ్లాను. లారీ ఎక్కడ ఆపాలో ఇంకా ఎవరూ గీత గీయలేదు, నోటీసు రాలేదు. అన్నయ్య అప్పుడే లారీని గోడకు ఎడంగా పెట్టించేశాడు. నేను అక్కడుండగానే ఆపరేటరు గారు ఆసుపత్రి వైపునుంచి వచ్చారు. గోడ ఇప్పుడు కుడిచేతి వైపు, కర్ర ఎడమచేతిలో. లారీకీ గోడకూ మధ్యలోంచి, ఆగకుండా, మంచి వేగంగా నడిచి వెళ్లిపోయారు. షెడ్డు పనివాళ్లలో ఒకడు అలవాటు కొద్దీ రెండడుగులు ముందుకు వేసి, ఆగి, ఏం చేయాలో తోచక చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అన్నయ్యా" అన్నాను. "ఆయన మాట అంత బాగా ఎందుకు చెప్పావు?"

"చప్పుడు ఎక్కడుందో తెలిశాక, వినపడనట్టు ఎలా ఊరుకోమంటావు?" అన్నాడు. తర్వాత పైకి చూపించాడు. "వెళ్లు. మీ వదిన ఉంది."

"కోపంగా ఉందా?"

"మధ్యాహ్నం గరిటె మోగలేదు" అన్నాడు అన్నయ్య. ఆయన ఇంకా అన్నం తినలేదని అప్పుడర్థమైంది.

మెట్లెక్కాను. వదిన తలుపు తీసి గడప మీదే నిలబడింది. పక్కకు జరగలేదు.

"ఏదో పెద్ద పద్ధతి పెట్టుకున్నారుగా మీ సభలో, ముందు ఎదుటివాళ్ల మాట చెప్పాలని" అంది. "చెప్పు. నా మాట చెప్పి లోపలికి రా."

"షెడ్డు పోతోందని నీ బాధ" అన్నాను.

"కాదు."

"నువ్వెంత గట్టిగా కొట్టినా గరిటె డిపో దాకా వినపడదు. అన్నయ్య ఎక్కడో కూర్చుని డబ్బాలో చల్లారిపోయిన అన్నం తింటాడు."

వదిన కళ్లు చెమర్చాయి. కానీ "కాదు" అంది. "అది మీ అన్నయ్య మాట. ఆపరేటరు గారు చెప్పేశారు. నా మాట చెప్పు."

"పెంచిన చేతికే ఎదురు తిరిగి, మీకు వ్యతిరేకంగా చెయ్యెత్తాను."

"కాదు. ఆ గోడ సంగతి విన్నాక నీ చోట నేనున్నా ఎత్తేదాన్నే."

నాకు సర్రున కోపం వచ్చింది. "మరి ఇంకేంటి వదినా? నువ్వే చెప్పొచ్చుగా!"

"చెప్పను" అంది వదిన. "మేస్త్రీ చెల్లెలివి కదా. అడుగు."

మెట్టు మీద కూలబడ్డాను. సభలో ఎంతమంది మాటలో తిప్పి చెప్పి భేష్ అనిపించుకున్నదాన్ని, ఆ గడప ముందు మూడుసార్లూ కాదనిపించుకున్నాను. చివరికి అన్నయ్య అడిగినట్టే అడిగాను.

"ఎక్కడ మొదలైంది వదినా?"

"నువ్వు లేచి నిలబడ్డప్పుడు."

"నేను లేచినప్పుడు నువ్వేం చేశావు?"

"నీ వైపే చూశాను. చూస్తూనే ఉన్నాను."

"నేనేం చేశాను?"

నాకు సిరా మరక కళ్లముందుకొచ్చింది.

"నేను బల్ల చూశాను" అన్నాను. "నువ్వు చూస్తున్నావని తెలుసు. తెలిసే తలెత్తలేదు. చెయ్యెత్తితే మీరు నన్ను కాదనుకుంటారేమో అనుకున్నాను. గోడ కోసం షెడ్డు వదులుకున్న మనుషులు, ఆ షెడ్డు కోసం నన్ను వదిలేస్తారేమో అని భయపడ్డాను. నా జడ వేసి పెంచినదానివి, నిన్ను అంత చిన్నదాన్ని చేసి చూశాను. అంతేనా వదినా?"

"అంతే" అంది వదిన.

గడప మీద నుంచి పక్కకు జరిగింది. నేను లోపలికి వెళ్లి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. వదిన వంటింట్లోకి పోయి గరిటె తీసి, గిన్నె మీద టంగుమని ఒక్కటిచ్చింది. కింద అన్నయ్య పానా పడేసిన చప్పుడు వినిపించింది.